మడవాలా, తిరగెయ్యాలా, చుట్టాలా? ఇంట్లో కూరగాయల ఆమ్లెట్‌కు ఏది నప్పుతుంది

"అమ్మా, ఇవ్వాళ ఆమ్లెటా, బుర్జీనా?" స్కూలు డబ్బా సర్దుతుంటే మా చిన్నోడు రోజూ అడిగే ప్రశ్న ఇది. వాడి అనుమానం వట్టిది కాదు. ఉల్లిగడ్డ, క్యారెట్, క్యాప్సికం, టమాట దండిగా కోసి గుడ్లలో కలిపి పెంక మీద పోసేదాన్ని. తిరగేసేసరికి అది మూడు ముక్కలయ్యేది. ఎట్లాగూ విరిగింది కదా అని అట్లకాడతో ఇంకాస్త చిదిమి, బుర్జీ అని పేరు పెట్టి పంపేదాన్ని.

పెంక మార్చి చూశాను, గుడ్లు పెంచి చూశాను. చివరికి తేలిందేమంటే తప్పంతా వరసలో ఉంది. ముందు కూరగాయలు కోస్తాం, తర్వాత గుడ్డు గిలకొడతాం, పెంక మీద పోశాక గానీ దీన్ని మడవాలా తిరగెయ్యాలా అన్న ఆలోచన రాదు. అది చాకు పట్టుకున్నప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి. ఆకారం ఏదో తెలిస్తే ముక్క ఎంత సన్నగా ఉండాలి, పచ్చిగా వెయ్యాలా వేయించి వెయ్యాలా, ఎంత పెంక పెట్టాలి అన్నవి వాటంతటవే తేలిపోతాయి. ఆకారం తెలియాలంటే ముందు దేంతో తింటారో చెప్పాలి.

దేంతో తింటున్నారు?

పప్పుచారు అన్నంలోకి అయితే రెండో ఆలోచన వద్దు. పల్చగా, గుండ్రంగా, రెండువైపులా కాలి, అంచులు కరకరలాడే అట్టే కావాలి. మా అత్తమ్మ దీన్ని ఆమ్లెట్ అనదు, గుడ్డట్టు అంటుంది. ఆమె లెక్కలో ఇందులో పడాల్సినవి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర మాత్రమే. "క్యారెట్ ఎందుకమ్మా, అదేమన్నా ఉప్మానా?" అంటుంది. మొదట్లో పాతకాలపు పట్టుదల అనుకున్నాను గానీ, ఆమె మాటలో న్యాయం ఉంది. పల్చటి అట్టులో క్యారెట్, బీన్స్ ముక్కలు అట్టు కంటే మందంగా ఉంటాయి. గులకరాళ్లలా పైకి తేలి, తిరగేసినప్పుడు అట్టును పెంకకు ఆననివ్వవు. ముక్క చుట్టూ సొన పచ్చిగా మిగులుతుంది.

బ్రెడ్డులోకి అయితే రాత్రిపూట ఏదో ఒక ఆమ్లెట్ బండి దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. హైదరాబాద్‌లో ఆ బండి లేని బస్తీ తక్కువ. స్టీలు గ్లాసులో రెండు గుడ్లు, ఉల్లిగడ్డ, మిరపకాయ, ఉప్పు, పసుపు వేసి చెంచాతో టకటకా కొడతాడు. వెడల్పాటి పెంక మీద పోసి, పైన ఇంకా తడిగా ఉండగానే రెండు బ్రెడ్ ముక్కలు పక్కపక్కనే పెట్టి, వాటిని అటొకసారి ఇటొకసారి తిప్పి సొన పట్టిస్తాడు. ఆ తర్వాత మొత్తాన్ని ఒక్క ఊపులో తిరగేసి, బయటికి పొడుచుకొచ్చిన అంచుల్ని బ్రెడ్ మీదికి మడిచి, ఒక ముక్కను రెండోదాని మీదికి మూస్తాడు. ఇక్కడ ఆమ్లెట్‌ను పట్టి ఉంచేది బ్రెడ్డే, అట్టు లోపల చిరిగినా బయటికి తెలియదు. చేయి తిరగనివాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం నయం. తురిమిన క్యారెట్, దారాల్లా తరిగిన క్యాబేజీ కూడా ఇందులో బాగా ఇముడుతాయి. (మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ బ్రెడ్డును డబల్ రొట్టె అనే అంటారు. డబల్ కా మీఠాలో ఉన్న డబల్ కూడా అదే.)

డబ్బాలోకి అయితే చుట్టిన ఆమ్లెట్‌ను మించింది లేదు, నన్ను బుర్జీ నింద నుంచి బయటపడేసింది అదే. ఉదయం ఏడున్నరకు చేసింది మధ్యాహ్నం పన్నెండున్నరకు తింటారు. అప్పటికి అది చల్లారి ఉంటుంది, బ్యాగులో నాలుగు కుదుపులు తిని ఉంటుంది. సగానికి మడిచిందైతే విచ్చుకుని లోపలి కూర బయటపడుతుంది. గుండ్రటి అట్టు డబ్బాలో పట్టదు, పట్టించడానికి విరవాలి. చుట్ట మాత్రం దేన్నీ బయటికి పోనివ్వదు. రెండు గుడ్లను పల్చగా పోసి, పైన తడి ఆరీ ఆరక ఉండగానే ఒక అంచు నుంచి అట్లకాడతో బిగువుగా చుట్టుకుంటూ పోవాలి. చివరి అంచు కిందికి వచ్చేలా అర నిమిషం ఉంచితే అదే అంటుకుంటుంది. ఇందులో కూరగాయ తురుముగా ఉండాలి, లేదా మిరియం గింజంత ముక్కలుగా ఉండాలి. పెద్ద ముక్క ఒక్కటి ఉన్నా చుట్టేటప్పుడు అక్కడే పగులుతుంది. చుట్టాక కనీసం పది నిమిషాలు ప్లేటులో ఆరనిచ్చి, రెండంగుళాల ముక్కలుగా కోసి సర్దండి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై, ముక్కలు తడిసి ముద్దవుతాయి. ఎండాకాలంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. లోపల జారుడుగా ఉన్న గుడ్డు ఎంత రుచిగా ఉన్నా డబ్బాకు పనికిరాదు, పూర్తిగా ఉడికిందే పెట్టాలి.

ఇక పొయ్యి మీంచి నేరుగా ప్లేటులోకి వేసుకుని తినేవాళ్లకు సగానికి మడిచిన అర్ధచంద్రం. కూరగాయలు ఎక్కువ తినాలని ఆమ్లెట్ వేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. మిగిలిన ఆకారాల్లో కూరగాయ గుడ్డులో చుట్టం, ఇందులో గుడ్డు కూరగాయకు దుప్పటి.

కూరగాయ గుడ్డులో ఎప్పుడు కలవాలి?

ఆమ్లెట్ నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే. దారులు మూడున్నాయి. గిన్నెలోనే అన్నీ కలిపి పోయడం, పెంక మీద కూరగాయలు వేయించి వాటి మీదే గుడ్డు పోయడం, కూరగాయలు విడిగా వేయించి గుడ్డు మీద పరిచి మడవడం.

ఎంచుకునే ముందు ఒక సంగతి తెలిస్తే మేలు. గుడ్డు తెల్లసొన 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే చిక్కబడడం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 నుంచి 70 మధ్య గట్టిపడుతుంది. అంటే నీళ్లు మరగడానికి కావాల్సిన వేడి కూడా దానికి అక్కర్లేదు, పెంక మీద రెండు నిమిషాల్లో అయిపోతుంది. క్యారెట్, బీన్స్ అట్లా కాదు. అవి మెత్తబడాలంటే మరిగే నీళ్లంత వేడి చాలాసేపు తగలాలి. రెంటినీ ఒకేసారి వేస్తే గుడ్డు మాడేదాకా కాల్చాలి, లేదంటే పచ్చి క్యారెట్ నమలాలి. సన్నగా తురిమితే ఈ తేడా కొంత తగ్గుతుంది. వేయించి వేస్తే గొడవే ఉండదు.

గిన్నెలో కలిపే పద్ధతి వేగంగా అయిపోతుంది. ఉల్లిగడ్డ, మిరపకాయ, కొత్తిమీర, కొద్దిగా క్యాప్సికం లాంటి పచ్చిగా తిన్నా బాగుండేవాటికి ఇదే చాలు. చిక్కల్లా ఉప్పుతో వస్తుంది. ఉప్పు తగిలిన ఉల్లిగడ్డ, టమాట నీరు వదులుతాయి. కలిపి పెట్టి, ఫోను వచ్చిందని పది నిమిషాలు మాట్లాడి వచ్చి చూడండి, గిన్నె అడుగున నీళ్లు తేలి ఉంటాయి. ఆ నీళ్లు పెంక మీద ఆవిరై అట్టును కింది నుంచి ఉడకబెడతాయి గానీ కాలనివ్వవు, అందుకే అట్టు పాలిపోయి, మెత్తగా, తిరగేస్తే చీలేలా వస్తుంది. కాబట్టి ఉప్పును ముందే గుడ్లలో వేసి గిలకొట్టండి. అట్లా పావుగంట ఉన్నా గుడ్డుకు మంచిదే, కాలాక నీరు కారడం తగ్గుతుంది. కూరగాయ మాత్రం పోసే ముందు క్షణంలో కలపాలి.

వేయించిన కూరగాయల మీదే గుడ్డు పోసేది బద్ధకస్తుల పద్ధతి. నేనూ ఆ జట్టులోనే ఉండేదాన్ని. రుచి బాగుంటుంది, గిన్నె ఒకటి తగ్గుతుంది. కానీ పెంక మీది నూనెను కూరగాయలు పీల్చేసుకుంటాయి, గుడ్డు ఎండు పెంక మీద పడి అంటుకుంటుంది. ముక్కలన్నీ కిందివైపే చేరడం వల్ల ఒకవైపు కూర, ఇంకోవైపు వట్టి గుడ్డు. దీన్ని సరిచేసే తీరు స్పెయిన్ వాళ్ల ఆలుగడ్డ ఆమ్లెట్‌లో ఉంది. వాళ్లు ఆలుగడ్డను నూనెలో మగ్గబెట్టి, బయటికి తీసి గుడ్లలో కలిపి, మళ్లీ పెంకలో పోస్తారు. ఒకవైపు గట్టిపడ్డాక పెంక మీద ప్లేటు బోర్లించి తిప్పి, రెండోవైపు కాలుస్తారు. మనం చేయాల్సిందీ అంతే. క్యారెట్, బీన్స్, ఉల్లిగడ్డ నాలుగు నిమిషాలు మగ్గించి, గిన్నెలోకి తీసి, గోరువెచ్చగా అయ్యాక గుడ్డులో కలపండి. పొగలు కక్కేవి కలిపితే గిన్నెలోనే గుడ్డు తరకలు కడుతుంది. పెంకను ఒకసారి తుడిచి, కొత్తగా చెంచాడు నూనె వేసి పోయండి.

మూడో దారి మడిచేవాళ్లకే. కూర విడిగా ఉంటుంది కాబట్టి గుడ్డు వట్టి దుప్పటిలా పల్చగా, నున్నగా వస్తుంది, మడత సాఫీగా పడుతుంది. కూరను గుడ్డు నడిమధ్యలో కాక ఒక సగం మీదే పరచాలి, అంచు దగ్గర వేలు వెడల్పు ఖాళీ వదలాలి. నడిమధ్య పోస్తే మడత పడాల్సిన గీత మీదే బరువు పడి చిరుగుతుంది.

ఎంత కూర పడుతుందంటారా? రెండు గుడ్లకు నా చేతి లెక్క ఇది. చుట్టడానికి రెండు పెద్ద చెంచాలు, గుండ్రటి అట్టుకు మూడు, మడిచేదానికి అరకప్పు నిండుగా. అంతకు మించితే మా చిన్నోడి ప్రశ్న మీ ఇంట్లోనూ వినపడుతుంది.

ఏ కూరగాయ?

నీటిని బట్టి చూడండి. టమాటలో బరువుకు నూటికి 94, 95 వంతులు నీళ్లే, మష్రూమ్‌లో, పాలకూరలో 90 దాటి ఉంటాయి. క్యారెట్‌లో 88 దాకా, ఆలుగడ్డలో 80 లోపే. టమాట వేసేదుంటే గింజల గుజ్జు తీసేసి కండ మాత్రం కోయండి. మష్రూమ్‌లు నీరు వదిలి, ఆ నీరు ఇంకి, అంచులు ఎర్రబడేదాకా వేయించాల్సిందే, సగంలో తీస్తే ఆమ్లెట్‌లోకి వచ్చి మిగతా నీరు వదులుతాయి. పాలకూరను పెంక మీద వాడ్చి, చల్లారాక పిడికిట్లో పెట్టి పిండాలి. కట్ట మొత్తం గుప్పెడైపోతుంది, కంగారు పడొద్దు. మెంతికూర చిన్న ఆకులైతే పచ్చిగానే వేయొచ్చు, ఆ చిరుచేదు గుడ్డుకు బాగా నప్పుతుందని నా నమ్మకం. ఇంట్లో నాతో ఎవరూ ఏకీభవించరు.

1999లో రైతుబజార్లు వచ్చినప్పటి నుంచి ఆదివారం మెహిదీపట్నంలోనో ఎర్రగడ్డలోనో వారానికి సరిపడా తెచ్చుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆమ్లెట్ కోసం విడిగా ఏమీ కొనక్కర్లేదు. గురువారానికి ఫ్రిజ్‌లో మిగిలే అర క్యాప్సికం, ఒంటరి క్యారెట్, నాలుగు బీన్స్, ఇవే దీని సరుకు.

పెంక: ఇనుమా, నాన్‌స్టిక్కా? ఎంతది?

రకం కంటే ముందు వెడల్పు చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండు మామూలు గుడ్ల సొన సుమారు 95 మిల్లీలీటర్లు వస్తుంది. దాన్ని 20 సెంటీమీటర్ల పెంకలో పోస్తే 3 మిల్లీమీటర్ల మందం. అదే సొన 28 సెంటీమీటర్ల దోసె పెంక నిండా పరిస్తే ఒకటిన్నర మిల్లీమీటరే. ఆ పల్చదనం పప్పన్నంలోకి అట్టుకు బాగుంటుంది, కరకరలాడుతుంది. దాంట్లో కూర పెట్టి మడుద్దామంటే కాగితంలా చినుగుతుంది. మడవడానికి రెండు గుడ్లకు 20 సెంటీమీటర్లది, మూడు గుడ్లకు 24ది. చుట్టడానికి రెండు గుడ్లకే 24ది పెట్టాలి, పల్చగా ఉంటేనే చుట్ట తిరుగుతుంది. జపాన్ వాళ్లు చుట్టిన ఆమ్లెట్ కోసం నలుచదరపు పెంకలే వాడతారు, పొరమీద పొర పోసి చుడతారు. మనకు అంత హంగు అక్కర్లేదు.

మడవడానికీ చుట్టడానికీ నాన్‌స్టిక్, గుండ్రటి కరకరల అట్టుకు ఇనుము. ఇదీ నా తీర్పు. ఇనప పెంక వేడిని పట్టి ఉంచుతుంది, చల్లటి సొన పోసినా నీరసపడదు, అందుకే అంచులు ఎర్రగా వస్తాయి. కానీ దానికి నూనె బాగా పట్టి నలుపెక్కి ఉండాలి. బేగంబజార్ నుంచి కొత్తగా తెచ్చిన పెంక మీద మొదటిరోజే ఆమ్లెట్ పోయడం సాహసం. నాలుగు రోజులు దోసెలు, రొట్టెలు కాల్చండి, ఉల్లిగడ్డ చెక్కతో నూనె రుద్దండి. టమాట ఎక్కువ వేసే ఆమ్లెట్ ఇనుము మీద వద్దు, పులుపు ఆ నూనె పొరను తినేస్తుంది. కాలిన గుడ్డును ఇనుము మీదే వదిలేసినా ఆకుపచ్చ ఛాయ వస్తుంది, విషమేమీ కాదు గానీ చూడ్డానికి బాగుండదు.

నాన్‌స్టిక్‌కు ఖాళీగా పెద్దమంట మీద వేడెక్కించడమే శత్రువు. ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, ఖాళీ పెంక నిమిషాల్లోనే అక్కడికి చేరగలదు. నూనె వేశాకే మంట పెట్టండి, చెక్క అట్లకాడ వాడండి. స్టీలు పెంక ఉన్నవాళ్లు దాన్ని కూరలకే ఉంచుకోండి.

మంట, నూనె, తిరగెయ్యడం

మడిచేదానికి చిన్నమంట, పల్చటి అట్టుకు మధ్యమంట. వెన్న రుచి వేరే, మా ఇంట్లో పోటీ లేకుండా గెలుస్తుంది. కానీ అందులోని పాల అంశం తొందరగా మాడుతుంది కాబట్టి చిన్నమంట మీద మడిచేవాటికే వెన్న. మధ్యమంట మీది పల్చటి అట్టుకు పల్లీనూనె. నెయ్యి రెంటికీ పనికొస్తుంది.

తిరగెయ్యడానికి భయపడేవాళ్లకు మూత ఉంది. అడుగు గట్టిపడ్డాక చిన్నమంట మీద రెండు నిమిషాలు మూత పెడితే పైభాగం ఆవిరికే ఉడుకుతుంది. మందపాటి, కూరగాయలెక్కువున్న ఆమ్లెట్‌కు ఇదే క్షేమం. కరకర మాత్రం పోతుంది.

గుడ్ల సంగతి

నాటుగుడ్డు వాడితే మూడు కొట్టండి, సైజు చిన్నది. ఆకారం విషయంలో ఫారం గుడ్డుకూ దానికీ తేడా లేదు, రుచి మీద వాదన మీ ఇష్టం. గోధుమరంగు పెంకు చూసి నాటుగుడ్డని డబ్బులెక్కువ పెట్టకండి. మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు కూడా గోధుమరంగు గుడ్లే పెడతాయి. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పచ్చసొన రంగు అది తిన్న మేతను బట్టి.

పాలు పోస్తే మెత్తగా వస్తుందనేది నిజమే, మడత దగ్గర చీలుతుందన్నదీ నిజమే. గుండ్రటి అట్టులో రెండు గుడ్లకు ఒక చెంచా పోసుకోండి, చుట్టేదాంట్లో అసలొద్దు. వంటసోడా ఉబ్బిస్తుంది, సబ్బు రుచీ తెస్తుంది. నేను మానేశాను.

శనివారాలకు

గుడ్డు తినని రోజుల్లో సనగపిండి ఆమ్లెట్. హోటళ్లలో టమాట ఆమ్లెట్ అంటే చాలాచోట్ల ఇదే వస్తుంది. కప్పు పిండికి ముప్పావు కప్పు నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, పావుగంట నాననివ్వండి. ఇక్కడ లెక్క తారుమారవుతుంది. పిండి ఉడకడానికి గుడ్డు కంటే ఎక్కువసేపు పడుతుంది కాబట్టి తురిమిన క్యారెట్, క్యాబేజీ పచ్చిగానే వేసినా ఉడికిపోతాయి, నూటికి తొంభై వంతులు దాటి నీళ్లున్న టమాట కూడా పిండిలో ఇంకిపోతుంది. వాము చిటికెడు వేయండి. దీన్ని చుట్టడం కష్టం, మడవడం పరవాలేదు, తిరగేయడం సులభం.

పెంక మాత్రం వేరేది పెట్టుకోండి. శుక్రవారం రాత్రి గుడ్డు వేసిన పెంకను మీరు ఎంత తోమినా, శనివారం పొద్దున మా అత్తమ్మ వంటింటి గడప దగ్గరే ఆగి అడుగుతుంది.